బట్టీ ముట్టించిన చెయ్యి

"ఊరకే ఎవరూ చీర పెట్టరే అమ్మే. నాకెందుకో ఆ పిల్లోడి మీద అనుమానంగా ఉంది."

కోటేశ్వరి ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. చీర కూడా రాలేదు. పొద్దున ఎనిమిదింటికి సున్నం బట్టీ యజమాని పెద్దయ్య భార్య సుభాషిణమ్మ ఇంటికొచ్చి, శ్రీదుర్గకి బొట్టు పెట్టి చీర పెడుతుందన్న కబురొక్కటే వచ్చింది. ఆ కబురు విన్న దగ్గర్నుంచీ కోటేశ్వరికి ముద్ద దిగలేదు.

"ఏ పిల్లోడమ్మా?" అంది శ్రీదుర్గ, అద్దం ముందు జడ అల్లుకుంటూ.

"ఇంకే పిల్లోడు? పెద్దయ్య కొడుకు, తేజ బాబు. ఆఫీసులో నువ్వు కూర్చునేది ఆయన గదికి ఎదురుగానే గదా."

"ఆయనకి నా పేరే గుర్తుండదు. 'కంప్యూటరమ్మాయ్' అని పిలుస్తాడు. లేనిపోనివి పెట్టుకోమాక."

"పేరు తెలియనోళ్ళకి చీరలు పెడతారంటే?"

శ్రీదుర్గ నవ్వింది. "రెండో బట్టీ గురువారం ముట్టిస్తన్నారమ్మా. నా చేత్తో ముట్టించమన్నారు. ఆ బట్టీకి నన్ను మేనేజర్ని చేస్తన్నారు. అందుకు పెడతన్నారు చీర. డిగ్రీ దాకా చదివించింది ఎందుకు మరి? నీ పక్కన కూర్చుని బస్తాలు కుట్టటానికా?"

కోటేశ్వరి అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని ఒక్కొక్క వేలి సందులోకీ రాసుకుంటోంది. సున్నం బస్తాల దగ్గరికి పోయే ఆడవాళ్ళందరూ పొద్దున్నే చేసే పని అది. నూనె లేకపోతే మధ్యాహ్నానికి చెమటలో సున్నం కలిసి వేళ్ళ సందులు చీలిపోతాయి. ముంజేతుల దాకా రాసుకుని, మిగిలింది మెడకు పులుముకుని, గడప వైపు చూసింది.

"వింటన్నావా? నువ్వన్నా ఒక మాట చెప్పవేందయ్యా."

గడప మీద కూర్చున్న ఆమె మొగుడు పెద్దన్న తల తిప్పాడు, అంతే. పొద్దున్నే పెట్టుకున్న నల్లద్దాలు పడుకునేటప్పుడే తీస్తాడు. ఎడమ కన్ను పోయిన దగ్గర్నుంచీ రెండేళ్ళుగా బట్టీ గేటు దగ్గర కాపలా పని. ఆ అద్దాలు గుంటూరులో పెద్దయ్యే కొనిపెట్టాడు. కన్నుతో పాటు మాటలు కూడా పోయినట్టే ఉంటాడు మనిషి.

ఎనిమిదింటికల్లా తెల్లకారు సందు మొదట్లో ఆగింది. సుభాషిణమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, మురుగ్గుంట తప్పించుకుంటూ నడిచొచ్చింది. శ్రీదుర్గ రెండుసార్లు తుడిచిపెట్టిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పసుపు కుంకుమ, రెండు అరటిపళ్ళు, మామిడిపండు రంగు పట్టుచీర పళ్ళెంలో పెట్టి ఇచ్చింది.

"మాకు మా అమ్మాయి స్వాతి ఎంతో దుర్గ అంతే, కోటేశ్వరీ. ఇది పనిమనిషికి పెట్టే చీర కాదు. మా ఇంటి ఆడపిల్లకి పెట్టే చీర."

తేజ లోపలికి రాలేదు. కారు దగ్గరే ఫోన్లో మాట్లాడుతున్నాడు. మాట అయ్యాక శ్రీదుర్గని పిలిచి, కారు ముందు బానెట్ మీద ఒక ఫైలు పరిచి, వేలితో చూపిస్తూ వరసగా సంతకాలు పెట్టించాడు. కోటేశ్వరి గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా చూసింది. వాడి చూపు పిల్ల మొహం మీదకి పోతోందా, పెన్ను ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలిస్తున్నాడా, ఎంత దూరంలో నిలబడ్డాడు, ఇవే చూసింది. వాడు ఒక్కసారి కూడా పిల్ల మొహం వైపు చూడలేదు. హమ్మయ్య అనుకుంది. కాగితాల మీద మాత్రం ఆమె చూపు పడనే లేదు.

గురువారం బట్టీ దగ్గర మామిడాకులు కట్టారు. రెండు నిలువు బట్టీలు, ఒక్కొక్కటీ మూడంతస్తుల మేడంత ఎత్తు. పైనుంచి ఒక వరస సున్నపురాయి, ఒక వరస బొగ్గు నింపుతారు. కింద మూతి దగ్గర నిప్పు పెడితే లోపల నెమ్మదిగా పైకి పాకుతుంది. రెండో బట్టీ రెండేళ్ళుగా చల్లారి ఉంది. ఇప్పుడు దానికి బయటంతా కొత్త సిమెంటు పూత పూసి, పైన తెల్లరంగు వేశారు. గేటు పక్కన రేకు బోర్డు మీద కూడా కొత్తగా రాయించారు. కోటేశ్వరి ఏడో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు కూడబలుక్కుంది. 'మేనేజర్: కె. శ్రీదుర్గ'. దాని కింద ఇదివరకు పెద్దయ్య పేరున్న చోట నీలం రంగు పూసేసి ఉంది.

"మేనేజరమ్మ తల్లివి, ఇంకా బస్తాలేం కుడతావులే కోటక్కా! మమ్మల్ని కుట్టమని కేకలెయ్యి చాలు" అని తోటి ఆడవాళ్ళు మేలమాడారు. ఆమె నవ్వబోయింది గానీ పెదవులు సాగలేదు.

శ్రీదుర్గ పట్టుచీర కొంగు నడుముకు బిగించి, నూనెగుడ్డ చుట్టిన కర్ర పట్టుకుని మూతిలోకి నిప్పు పెట్టింది. పెద్దయ్య త్రికోటేశ్వరరావు కొబ్బరికాయ కొట్టి, పది అడుగులు వెనక్కి నిలబడి చప్పట్లు కొట్టాడు. తేజ ఫొటోలు తీశాడు. ఫొటోల్లో ఆ అమ్మాయి, నిప్పు, బట్టీ తప్ప పెద్దయ్య ఇంటివాళ్ళు ఒక్కరూ పడలేదు. పక్కన నిలబడమని శ్రీదుర్గ పిలిస్తే, "ఈరోజు నీదమ్మా" అన్నాడు పెద్దయ్య, చేతులు వెనక్కి కట్టుకుని.

బట్టీ మేస్త్రి మీరా సాహెబ్ దూరంగా బొగ్గు కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. కోటేశ్వరి టీ గ్లాసు పట్టుకుపోయి ఇచ్చింది.

"సాహెబన్నా, ఒక మాటడుగుతా. ఎప్పుడన్నా బయటోళ్ళ చేత ముట్టించారా బట్టీ?"

సాహెబ్ టీ ఊదుకున్నాడు. "ఇరవై రెండేళ్ళు చేశా ఇక్కడ. ఒక మారు పెద్దయ్యకి నూటమూడు జ్వరం. దుప్పటి కప్పుకుని కారులో పడుకునొచ్చి, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుంటే ముట్టించి పోయాడు. ఇంటి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదనేది ఆయన పట్టింపు."

"మరిప్పుడేంది?"

"నన్నడగమాక చెల్లెమ్మా." గ్లాసు కింద పెట్టి, బట్టీ వైపు గడ్డంతోనే చూపించాడు. "ఆ పడమటి వైపు చూడు. రంగు కింద గోడ ఉబ్బి కడుపొచ్చింది. లోపలి ఇటుక మార్చకుండా ముట్టించొద్దని మూడుసార్లు చెప్పా. ఈ సీజను గడవనియ్యమన్నాడు తేజ బాబు. అది ఏ గోడో నీ పెనిమిటికి తెలుసు."

కోటేశ్వరి ఆ గోడ వైపు చూసింది. తెలుసు. పెద్దన్నకే కాదు, ఆమెకి కూడా తెలుసు.

మర్నాడు పనికి పోకుండా పెద్దయ్య ఇంటికి పోయింది. రెండంతస్తుల మేడ. వంటింటి వసారాలో పీట చూపించారు. సుభాషిణమ్మ కాఫీ తాగుతోంది, స్టీలు గ్లాసులో. విజయవాడ నుంచి పుట్టింటికొచ్చిన కూతురు స్వాతి బల్ల దగ్గర కూర్చుని చంటిపిల్లకి పాలు పడుతోంది. కోటేశ్వరికి కాఫీ కాగితం కప్పులో వచ్చింది. మొన్న తన ఇంట్లో ఈ అమ్మ అన్న 'మా ఇంటి ఆడపిల్ల' మాట గుర్తొచ్చి కప్పు వైపు చూసింది. చూసి, తాగేసింది.

"అమ్మా, మా పిల్ల పేరు ఆ బోర్డు మీద తీసేయించండమ్మా. దానికి తెలివి చాలదు. కంప్యూటర్ కాడ కూర్చోమంటే కూర్చుంటది."

"అదేం మాట? పిల్లని పైకి తెస్తుంటే తల్లివి నువ్వే కాళ్ళు పట్టి లాగుతావా?"

"అదికాదమ్మా. ఏదన్నా జరిగితే..."

"జరిగితే మేం లేమా? మనం మనం ఒకటి కాదా?" సుభాషిణమ్మ గొంతులో కోపం లేదు. అందుకే కోటేశ్వరికి మరీ భయమేసింది.

అప్పుడు స్వాతి పాలసీసా వంచి చూసుకుంటూ మామూలుగా అంది: "ముందు నా పేరే పెడదామన్నాడమ్మా నాన్న. మా ఆయన చస్తే ఒప్పుకోనన్నాడు. రేపేదన్నా అయితే కేసు మేనేజరు మీదకే పోద్దంట గదా."

సుభాషిణమ్మ కూతురి వైపు ఒక చూపు చూసింది. స్వాతి పిల్లని ఎత్తుకుని లోపలికి పోయింది.

"దానికి నోరు ఆగదు" అంది సుభాషిణమ్మ నవ్వుతూ. తర్వాత పీట దగ్గరికి వంగి, కోటేశ్వరి భుజం మీద చెయ్యేసింది. "పెద్దన్నకి అట్లా అయినప్పుడు మేం పరాయోళ్ళమనుకున్నామా? ఎనిమిది రోజులు నీతో పాటు నేనూ ఆస్పత్రి వరండాలో కూర్చోలా? ఇంట్లో వెల్ల వేస్తుంటే కంట్లో సున్నం పడిందని పోలీసులకి చెప్పింది నువ్వేగా. నాకింకా గుర్తే ఆ మాట. నువ్వు మా కోసం నిలబడ్డావు. మేం నీ కోసం నిలబడతాం."

భుజం మీద చెయ్యి మెత్తగానే ఉంది. కోటేశ్వరికి మాత్రం వెయ్యి బస్తాలు ఎత్తినట్టుంది. లేచి దండం పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చి, మధ్యాహ్నం అన్నానికొచ్చిన కూతుర్ని కూర్చోబెట్టి అడిగింది, ఆ కాగితాల్లో ఏముందో చదివావా అని.

"చదివా." శ్రీదుర్గ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "సగం చదివా. తేజ బాబు తొందరపెట్టాడు. అమ్మగారు బొట్టు పెట్టినాక కూర్చుని చదువుతుంటే, నమ్మకం లేదనుకుంటారని..."

కోటేశ్వరికి తిట్టటానికి నోరు రాలేదు. తను చూసింది మాత్రం ఏంటి? వాడి కళ్ళు చూసింది. కాగితం చూడాల్సింది.

"పొయ్యి సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పు. పడమటి గోడకి కడుపొచ్చిందని సాహెబన్న అంటన్నాడు, అది కూడా చెప్పు."

"ఆఫీసులో చెప్పానమ్మా" అంది శ్రీదుర్గ, రాత్రి ఇంటికొచ్చాక. "'సీజను కానియ్, చూద్దాం' అన్నాడు పెద్దయ్య. గోడ సంగతి కూడా రాసిచ్చా. కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు."

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడ కడుపు తెగింది. పేలుడు చప్పుడేమీ రాలేదు. బండెడు రాళ్ళు జారినట్టు గరగరమని వచ్చిందంతే. ఇటుకలు, వాటి వెనకే ఎర్రగా కాలిన రాళ్ళు కిందకి దూకాయి. మూతి దగ్గర పార పట్టుకున్న బెంజిమిన్ వెనక్కి దూకాడు గానీ రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా కాలిపోయాయి. బస్తాలు కుట్టే షెడ్డులోంచి కోటేశ్వరి పరిగెత్తుకొచ్చేసరికి వాడు అరవటం కూడా మానేసి, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఎవరో నీళ్ళ బక్కెట్టు ఎత్తారు. "నీళ్ళొద్దు! సున్నం మీద నీళ్ళు పోస్తారేందిరా, ఉడుకుద్ది! ముందు దులపండి!" అని సాహెబ్ గావుకేక వేశాడు. తేజ కారులోనే వాణ్ణి ఎక్కించుకుపోయారు. సీటు మీద ముందు గోనెపట్టా పరిచారు. అది కూడా చూసింది కోటేశ్వరి.

సాయంత్రం దీపాల వేళకి సుభాషిణమ్మ బెంజిమిన్ భార్య పక్కన ఆస్పత్రి వరండాలో కూర్చుందని కబురొచ్చింది. ఆ కబురు చెప్పినామె మెచ్చుకుంటూ చెప్పింది. "ఎంతటోళ్ళయినా ఎట్లా చూసుకుంటన్నారో చూడు వదినా, అచ్చం సొంత మనుషుల్లాగ."

అయినా విషయం దాగలేదు. ఎవరి ఫోన్లోదో వీడియో పేపరోళ్ళకి చేరింది. మంగళవారం నరసరావుపేట నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. సోమవారం పెద్దయ్య పనివాళ్ళందర్నీ పిలిచి చెప్పాడు: "అడిగితే, బట్టీ సంగతి రోజూ చూసుకునేది దుర్గమ్మే అని చెప్పండి. అబద్ధం కాదు గదా. చిన్న పిల్ల, మొదటి తప్పు, వదిలేస్తారు. అదే నామీదకొస్తే బట్టీలు మూతపడతాయి. నూటపది కొంపలు. మనమంతా ఒక కుటుంబం. ఆలోచించుకోండి."

కోటేశ్వరి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. శ్రీదుర్గ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. గోడ సంగతి రాసిచ్చిన కాగితం ఏదని పెద్దయ్యని అడిగితే, "ఏ కాగితమమ్మా?" అన్నాడట.

పెద్దన్న ఎప్పట్లాగే గడప మీద ఉన్నాడు. కోటేశ్వరి పోయి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏమయ్యా. నేనొకటి చెబుతా విను. ఆ రోజు ఆస్పత్రిలో నీ చెవిలో ఆ మాట ఊదింది నేనే. వెల్ల వేస్తుంటే పడిందని. మూడుసార్లు అనిపించా నీ చేత, బడిపిల్లోడికి పాఠం చెప్పించినట్టు. నువ్వు మొహం తిప్పుకున్నావు. అయినా అనిపించా. ఎందుకంటావా, పిల్ల చదువు సగంలో ఉంది, ఆయమ్మ నా చెయ్యి పట్టుకు కూర్చుంది. అంత పెద్దామె. నాకు కళ్ళు తిరిగినయ్."

పెద్దన్న బీడీ నలుపుతున్నాడు. అంటించలేదు.

"అదే గోడ. అదే బీటలోంచి గదా సున్నం చిమ్మింది నీ కంట్లోకి. అది రెండేళ్ళ కిందటే పెద్దయ్యకి తెలుసని నువ్వు చెప్తే తప్ప పిల్ల బయటపడదు. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? అప్పుడొక మాట, ఇప్పుడొక మాట అంటారు. కన్ను నీది. చెప్తావా?"

పెద్దన్న లేచి పోయి గేటు కాపలాకి కర్ర తీసుకున్నాడు. ఆమె వెనకాలే నాలుగడుగులు పోయింది. "చెప్తావా అంటన్నా!" సందు మలుపు తిరిగిందాకా ఆయన వీపు చూస్తూ నిలబడింది. ఆ వీపు ఏమీ చెప్పలేదు. అయిదువేలు పింఛను లాగా వస్తున్న కాపలా పని, ఆ అద్దాలు, పెద్దయ్య పండక్కి పెట్టే పంచె, అన్నీ ఆ వీపు మీదే ఉన్నట్టనిపించింది. వాళ్ళు నిన్న రాత్రే ఆయన్ని పిలిచి మాట్లాడుంటారా? ఏం ఒప్పుకునుంటాడు? కట్టుకున్నవాడి మీద కూడా ఆ రోజు మొదటిసారి అనుమానం కలిగింది ఆమెకి.

మంగళవారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నడివయసు మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. ముందు గోడ చూశాడు. రాలిన ఇటుకొకటి చేత్తో పట్టుకుని నొక్కితే పొడి రాలింది. తర్వాత అందర్నీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబెట్టి, కుర్చీలో కూర్చుని ఫైలు తిప్పాడు. పెద్దయ్య, తేజ ఆయన పక్క కుర్చీల్లో ఉన్నారు. శ్రీదుర్గ ఎదురుగా నిలబడింది. సుభాషిణమ్మ కారులోనే కూర్చుని అద్దం సగం దించింది.

"ఈ బట్టీకి మేనేజరు నువ్వేనా?"

"నేనే సార్."

"ఎప్పట్నుంచి?"

"పోయిన మంగళవారం నుంచి సార్."

ఆయన పెన్ను ఆపి తల పైకెత్తాడు. "గోడ సంగతి తెలుసా నీకు?"

"తెలిసిన రోజే రాసిచ్చా సార్."

"ఎవరికి? ఏదా కాగితం?"

శ్రీదుర్గ పెద్దయ్య వైపు చూసింది. ఆయన జాలిగా తల ఊపాడు. "భయపడిందండీ పిల్ల. మా స్వాతి లాంటిది. నేనేమీ అనను. సార్, ఇక్కడ పనోళ్ళంటూ ఎవరూ లేరండీ. ఇరవై రెండేళ్ళుగా అందరం ఒక ఇంటి మనుషుల్లాగా ఉన్నాం. ఒక్కడి ఒంటి మీద గీత కూడా పడలేదు ఇన్నాళ్ళలో."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ఇటు తిరిగాడు, పనివాళ్ళ వైపు.

"చూడండి. ఈ గోడ ఈ వారంలో చెడింది కాదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ నాకు మాట కావాలి, మనిషి కావాలి. దీనివల్ల ఇదివరకు ఎవరికైనా దెబ్బ తగిలుంటే, యజమానికి ముందే తెలుసన్న మాట. అట్లా ఏమీ లేదంటే కాగితం మీద ఈ అమ్మాయి పేరే ఉంది. నేను కాగితాన్ని బట్టే రాయాలి. ఇదివరకు ఎవరికైనా ఏమైనా అయిందా?"

లారీ ఒకటి రోడ్డు మీద గేరు మార్చుకుంటూ పోయింది. సాహెబ్ తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఆయన కొడుకు ఇదే కంపెనీ లారీ మీద డ్రైవరు. కోటేశ్వరి చేతులు బిగించి పట్టుకుంది. పొద్దున రాసుకున్న నూనెకి వేళ్ళు ఒకదాని మీంచి ఒకటి జారుతున్నాయి. నోరు తెరవబోయింది. తెరిస్తే కారు అద్దం వెనకాల ఉన్నామె ఏమంటుందో తెలుసు. అప్పుడు అట్లా చెప్పింది నువ్వేగా అంటుంది. నోరు మూసుకుంది.

"లేదంటారా?" ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. "రాసుకోమంటారా?"

పెద్దయ్య రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తేజ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెన్ను కాగితం మీదకి దిగింది.

గేటు దగ్గర కర్ర నేల మీద పెట్టిన చప్పుడైంది. పెద్దన్న నడిచొస్తున్నాడు, ఎడమవైపు కనపడక కొంచెం పక్కకి ఒరుగుతూ. ఎవరి వైపూ చూడలేదు. పెళ్ళాం వైపు కూడా చూడలేదు. కుర్చీకి రెండడుగుల దూరంలో ఆగి, నల్లద్దాలు తీసి, వాటి కాడలు మడిచి, జాగ్రత్తగా పెద్దయ్య ముందున్న బల్ల మీద పెట్టాడు. ఎండలో ఆ కంటి గుంట తెల్లగా, ముడుచుకుపోయి ఉంది. కూతురు కూడా దాన్ని పట్టపగలు చూసి రెండేళ్ళయింది.

"పెద్దన్నా" అన్నాడు పెద్దయ్య మెల్లగా. "ఆలోచించుకుని మాట్లాడు."

పెద్దన్న ఆయన మాట అయ్యేదాకా ఆగాడు. అలవాటు కొద్దీ ఆగాడు.

"అయింది సార్" అన్నాడు. "నాకయింది. ఆ గోడ కాడే."